మోత మార్పిడి

కుళాయి దగ్గర పక్కింటి సూరీడమ్మ అన్నదట: కోడలు సైకిలెక్కి సినిమా యాక్టరులాగా నిగనిగలాడిపోతోంది, అత్త చూడబోతే ఎండుచేపలాగా ఎండిపోతోంది, ఇంట్లో ముద్ద పెడుతోందో లేదో ఆ అప్పన్న సామికే తెలియాలి అని. ఆ మాట బిందె నిండేలోపు నలుగురి చెవుల్లో పడింది. ఆ నలుగురిలో ఒకావిడ దానికి తన వంతు ఉప్పు కలిపి, కోడలు ముసలిదాన్ని పొద్దున్నే ఇంట్లోంచి తరిమేస్తోందని కూడా చేర్చి, తీసుకొచ్చి నూకరత్నం గుమ్మంలో దింపింది.

నూకరత్నం చేతిలో చీపురుతోనే వీధిలోకి వచ్చింది.

"ఓలే సూరీడమ్మా! మా ఇంట్లో గుడ్డు ఎవరి కంచంలో పడతందో నీకు కనబడతంది గానీ, నీ కొడుకు ఏ కొట్టుకాడ పడున్నాడో కనబడదేటే?"

సూరీడమ్మ తలుపు తియ్యలేదు. తలుపు వెనకాలే ఉందని గాజుల చప్పుడు మాత్రం చెప్పింది.

తిట్టి లోపలికొచ్చాక రత్నానికి కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే సూరీడమ్మ అన్నదాంట్లో సగం నిజం. అత్త పోలమ్మ ఎండిపోతూనే ఉంది. ఏళ్ళ తరబడి రేవులో చేపల గంప మోసిన మెడ ఆమెది, రాటలాగా ఉండేది. ఇప్పుడా మెడ మీద నరాలు తేలాయి. పెట్టింది తింటోంది, తిన్నది ఎక్కడికి పోతోందో తెలియడం లేదు. రత్నం మొగుడు బోటు మీద వేటకెళ్తే వారాల తరబడి రాడు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ ఒక్క గదిలో అత్తాకోడళ్ళవి పక్కపక్క చాపలే. ఒకరు దగ్గితే ఇంకొకరికి మెలకువ వస్తుంది.

"ఎక్కడికెల్తన్నావత్తా రోజూ?" అని రాత్రిళ్ళు అడిగేది.

"ఎండుసేపలు ఏరడానికి. కొత్త షెడ్డు పెట్టినారు."

"ఏరడానికి ఇంత ఆయాసమేటి?"

"ఈ వయసులో ఆయాసం రాక పెల్లికొడుకొస్తాడేటే? తొంగో."

అని అటు తిరిగి పడుకునేది. రత్నం కూడా నిద్రపోయేది. మూడు నెలలుగా ఆమెకు మంచి నిద్ర పడుతోంది మరి.

అంతకుముందు ఆ నిద్ర లేదు. అందరిలాగే కొండ బస్సులో వెళ్ళేది. రేవు వెనక కాలనీ నుంచి తూర్పుకొండ మీద ఉన్న ఫ్యాక్టరీకి అదొక్కటే దారి. ఎక్కడమంటే ఎక్కడం కాదు, వెనకవాళ్ళు తోస్తే లోపల పడడం. ఒకడి చంక ఆమె ముక్కు దగ్గర, ఒకామె టిఫిన్ క్యారేజీ ఆమె డొక్కలో, ఎవడిదో తెలియని చెయ్యి నడుం మీద. ఆ చెయ్యి కోసమే చున్నీ అంచుకి పెద్ద పిన్నీసు పెట్టుకునేది. పిన్నీసు గుచ్చుకున్నవాడు అరవడు, అరిస్తే వాడెవడో అందరికీ తెలిసిపోతుంది. ఇంటికొచ్చి ఆ రోజు వేటలో ఎవరెవరు పడ్డారో చెప్తుంటే పోలమ్మ పడీ పడీ నవ్వేది.

"అంతమంది నిలబడతారు గదా, ఒకల సంచీ ఒకలు పట్టుకోరేటే?" అని అడిగిందొకసారి.

"సంచీ ఇస్తే సంచీ పోద్దత్తా."

"సీ! అదేం బతుకే."

పోలమ్మ వాళ్ళ పద్ధతి వేరు. రేవు నుంచి బజారుకి పోయే దారిలో రెండు ఎత్తులున్నాయి. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని వరసగా నడిచేవాళ్ళు. మొదటి ఎత్తులో ఎవరి కాళ్ళు వణికితే వాళ్ళు ముందున్నావిడ భుజం మీద చెయ్యి వేస్తారు. మాటలుండవు. ముందావిడ తన గంప మీదికి ఆ గంపని కూడా ఎక్కించుకుంటుంది. రెండో ఎత్తు వచ్చేసరికి రెండు గంపలూ వెనకావిడ నెత్తికి మారతాయి. దాన్ని మోత మార్పిడి అనేవాళ్ళు. పొద్దు గూకేలోపు మోత తిరిగి తీసుకోని మనిషిని మర్నాడు వరసలో నిలబడనిచ్చేవాళ్ళు కాదు, అది సొంత అప్పచెల్లెలైనా సరే.

రత్నం పనిచేసే ఫ్యాక్టరీలో చేతికి కట్టుకునే పట్టీలు కుడతారు. గుడ్డ మడతలో సన్నటి రాగిపోగు పెట్టి కుట్టడం వరకే ఆమె పని. ఆ పట్టీ ఎందుకో ఒకరోజు పెద్దసారు డాక్టర్ విద్యాధర్ అందరినీ పిలిచి చెప్పాడు. ఆయన కనిపెట్టిన సైకిలు పేరు 'తేలిక'. సైకిల్లో ఏ మోటారూ లేదు, మామూలు సైకిలే. కిటుకంతా పట్టీలో ఉంది. తొక్కేవాళ్ళ ఆయాసాన్ని అది పట్టుకుని, కొండ మొదట్లో ఉన్న చలువ షెడ్డులో యంత్రాలకి పంపేస్తుంది. తొక్కేవాళ్ళకి కాళ్ళు ఆడతాయి గానీ అలుపు రాదు. ముందు మన కార్మికులే తొక్కి చూడాలి, ఎవరొస్తారు అన్నాడు.

ఎవరూ కదల్లేదు. రత్నం చెయ్యెత్తింది. చిన్నప్పుడు అన్న సైకిలు దొంగతనంగా తీసుకెళ్ళి, సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కిన పిల్ల ఆమె. బస్సులో ఆ చంక కింద ఇంకొక్క రోజు నిలబడడం కన్నా ఏదైనా నయమే అనుకుంది.

మొదటి రోజు కొండ ఎక్కుతుంటే నవ్వొచ్చింది. గుండెని ఇంట్లో గూట్లో పెట్టి వచ్చినట్టుంది. మలుపు తిరిగితే కింద సముద్రం, పడవలు. బస్సులో ఇన్నేళ్ళు వెళ్ళినా ఈ దారిలో సముద్రం కనబడుతుందని ఆమెకు తెలియదు, ఎప్పుడూ ఎవడి వీపో అడ్డం. పక్కనే కొండ బస్సు మూలుగుతూ వచ్చింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్ళ వైపు చూసి గంట మోగించి ముందుకెళ్ళిపోయింది. పైకి చేరేసరికి నుదుటి మీద చుక్క చెమట లేదు.

ఫొటో తీశారు. 'ఆయాసం లేని నగరం' అని రాసి ఆ ఫొటోని కూడలిలో పెద్ద బోర్డు మీద పెట్టారు. ఇంకో యాభై మంది సైకిళ్ళెక్కారు. జనం సైకిళ్ళెక్కారు కదా అని కొండ బస్సుల్లో సగం తీసేశారు. సైకిలు దొరకని వాళ్ళు మిగిలిన బస్సుల కిటికీలు పట్టుకుని వేలాడారు. సూరీడమ్మ కూడా ఆ వేలాడేవాళ్ళలో ఒకతె. ఆమె కుళ్ళుకి సగం కారణం అదేనని రత్నానికి తెలుసు.

చీపురు పట్టుకుని తిట్టిన ఆ పొద్దున్నే, కొండ మొదట్లో సైకిలు వెనక టైరు తుస్సుమంది. చలువ షెడ్డు పక్కనే ఉంది. గాలి పంపు ఉంటుందేమోనని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, ఎదురు బడ్డీలో టీ తాగుతున్నాడు. సైకిలు గోడకానించి తలుపు తోసింది.

యంత్రాలు లేవు. మంచాలున్నాయి. రెండు వరసల ఇనుప మంచాలు, పైన ఫ్యాన్లు, మంచానికొక ముసలి ప్రాణం. అందరి చేతులకీ పట్టీలు. గోచీ పెట్టుకున్న ఒక తాత పరిగెడుతున్నవాడిలాగా రొప్పుతున్నాడు, కాళ్ళు మాత్రం కదలడం లేదు. ఒకావిడ నోరు తెరిచి గాలి మింగుతోంది. దగ్గరి చేతి మీది పట్టీ చూస్తే ఆ కుట్టు చివరి ముడి తను వేసిందే.

ఆ చివర, గోడవారగా, పోలమ్మ.

"అత్తా!"

రత్నం పరిగెత్తింది. ఆ చివర పోలమ్మ ఛాతీ ఎగిరెగిరిపడింది. రత్నం ఇంకా వేగంగా పరిగెత్తింది. పోలమ్మ వీపు మంచం మీంచి లేచిపోయింది, కళ్ళు తేలేసింది, చేతులు మంచం కడ్డీలని పీకుతున్నాయి. రత్నానికి మాత్రం ఆయాసం లేదు. ఇంత పరిగెడుతున్నా తనకు ఆయాసం ఎందుకు లేదో సగం దూరంలో తట్టింది.

నిలబడిపోయింది.

పోలమ్మ వీపు మెల్లగా మంచానికి ఆనింది.

రత్నం ఒక్క అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు. అరవకూడదు, ఏడవకూడదు, ఏడిస్తే ఆ ఎక్కిళ్ళు కూడా అటే పోతాయేమో. సూరీడమ్మ తలుపుకేసి చూసి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆవిడన్నది తక్కువ. కోడలు అత్తకి కూడు పెట్టకపోవడం కాదు, రోజూ పొద్దున్నే అత్తని తింటోంది. చేతికున్న పట్టీని పళ్ళతో కొరికి తెంపింది.

"నువ్వేటే ఇక్కడ?" అంది పోలమ్మ కళ్ళు తెరిచి.

"సేపలేవి అత్తా?"

పోలమ్మ కోడలి చేతిలో తెగిన పట్టీ చూసింది, తన చేతి పట్టీ చూసుకుంది. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఆడివి నువ్వేటే?" అంది. "ఎవడో మదమెక్కిన కుర్రోడనుకున్నాను. ఎత్తొచ్చినా ఆగడు, ఎండొచ్చినా ఆగడు. ఆణ్ణి అమ్మనాబూతులూ తిట్టుకుంటా మోసినాను. నువ్వని తెలిస్తే ఇంకో రెండు తిట్టుదును."

"నాకు తెల్దత్తా. యంత్రాలన్నారు."

"నాకు మార్పిడన్నారు." పోలమ్మ లేచి కూర్చోబోయి కూర్చోలేకపోయింది. "ఆ ఏజెంటోడు రేవుకొచ్చి సెప్పినాడు. మోత మార్చుకోడమేనమ్మా, ముందు మీరు తొంగుని మొయ్యండి, తర్వాత వంతు మీది, మీ అలుపు ఆల్లు మోస్తారూ అన్నాడు. మా వరసలోల్లమందరం వచ్చేసినాం. మూడు నెల్లయినాది. నా వంతెప్పుడొస్తాదా అని సూస్తన్నాను."

రేవు ఆడవాళ్ళ దగ్గర ఆ ఒక్క మాట అంటే చాలని, ఇంకేమీ అడగరని తెలిసినవాడెవడో తెలిసే అన్నాడు. రత్నానికి ఒళ్ళు భగ్గుమంది.

సైకిలు అక్కడే వదిలేసి కొండంతా నడిచి ఎక్కింది. డాక్టర్ విద్యాధర్ గదిలోకి అడక్కుండానే వెళ్ళింది.

"యంత్రాలన్నారు సార్!"

ఆయన కోప్పడలేదు. "కూర్చోమ్మా. మొదట యంత్రాలతోనే చేశాం. ఎంత పంపినా పుచ్చుకోవు. యంత్రం అలసిపోదు కదా, అదే చిక్కు. ఆయాసం దిగాలంటే ఆయాసపడగలిగిన ఒళ్ళు కావాలి. మేకల మీద చూశాం, గుండె లయ కుదరక చచ్చిపోయాయి. మనిషికి మనిషే కుదిరాడు."

"మా అత్తే దొరికిందా నాకు?"

"జతలు కలిపేది నేను కాదు. రెండు గుండెల లయ చూసి కంప్యూటరే కలుపుతుంది, మాకు నంబర్లే తెలుసు. ఏళ్ళ తరబడి ఒక గదిలో పడుకునేవాళ్ళ లయలు ఒకదానికొకటి అలవాటు పడిపోతాయి. మా దగ్గరున్న జతలన్నిటిలోకీ బాగా కుదిరిన జత మీది. నిజానికి నువ్వు సంతోషించాలి."

ఇంతలో ఆయన ఫోను మోగింది. ఒక్క నిమిషమని చెయ్యి చూపించి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "అమ్మా... టాబ్లెట్ వేసుకున్నావా? మెట్లెక్కకు. నేను వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. రేపు ఫంక్షన్‌లో నీ కుర్చీ ముందు వరసలోనే. ఆయాసమొస్తే వెంటనే చెప్పు." ఫోను పెట్టేశాడు. "ఆ, ఏంటమ్మా?"

"నేను మానేస్తాను."

"మానెయ్యి. ఆ మంచానికి ఇంకో మనిషి జతవుతాడు. ఇంత బాగా కుదరదు. కుదరకపోతే ఇబ్బంది పెద్దావిడకే, ఆలోచించుకో." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఒక క్షణం ఆగాడు. "కానీ నువ్వు చెప్పిందాంట్లో ఒకటుంది. దాచడం మన తప్పే. ఇందులో దాచేదేముంది? ముసలివాళ్ళకి ఫ్యాను కింద పడుకునే ఉద్యోగం! రేపు ఊరందరికీ సైకిళ్ళిచ్చే ప్రారంభోత్సవానికి వాళ్ళని మంచాలతో సహా వేదిక మీదే చూపిస్తాం. నువ్వు కింద నుంచి తొక్కుకుంటూ అందరి ముందుకీ రావాలి. మీ అత్తగారు మంచం మీద. బోర్డు మీద ఫొటో నీదే కదా."

ఆ సాయంత్రం రత్నం బస్సులో దిగింది. ఉన్న సగం బస్సుల్లో రెట్టింపు జనం. పిన్నీసు లేదు, మూడు నెలలుగా అవసరం పడలేదు. నడుం మీద పడ్డ చేతిని మోచేత్తో పొడిచింది. ఆ పోటు తిన్నవాడు అరిచాడు. "అరుసుకో, ఇంకా అరుసుకో!" అంది. బస్సులో సగం మంది ఆమె వైపు తిరిగారు. బోర్డు మీది మనిషి తమ మధ్య నలుగుతోందని చూసి ఒకళ్ళిద్దరు నవ్వారు కూడా.

ఇంటి దగ్గర పోట్లాట.

"రేపటినుంచి నువ్వెల్లకు."

"నానెల్లకపోతే ఆ మంచం మీదికి మా వరసలో గవరమ్మొస్తాది. దానికి నాకన్నా రెండేళ్ళెక్కువ. నన్ను లేపి దాన్ని తొంగోపెట్టడానికేటే నువ్వొచ్చింది?"

"మరేటి సెయ్యమంటావు? నిన్ను తొక్కుకుంటా కొండెక్కమంటావా?"

"అరవకే. గోడవతల సూరీడమ్మ సెవులేసుకుని ఉంటాది."

రత్నం గోడవైపు తిరిగి, "విను సూరీడమ్మా, బాగా విను! నువ్వన్నది నిజమే!" అని అరిచింది. గోడవతల గాజుల చప్పుడు కూడా లేదు.

రత్నం గంజి కాచి గిన్నెలో పోసి అత్త ముందు పెట్టింది. పోలమ్మ సగం తాగి గిన్నె కోడలి వైపు జరిపింది.

"రేపు ఎల్దాం అత్తా," అంది రత్నం. "నువ్వా మంచం మీద తొంగో. నిజంగా తొంగో. నాను పట్టీ కట్టుకోను."

పోలమ్మ ఆమె మొహంలోకి చూసింది. "ఆ ఎత్తు నీవల్ల కాదే. నీ కాల్లకి అలవాటు తప్పిపోనాది."

"కాకపోతే మజ్జిలో పడిపోతాను. అందరూ సూస్తారు."

"అయితే రేపు నా వంతన్నమాట," అంది పోలమ్మ. చాప మీద వాలి అటు తిరిగింది.

మర్నాడు కొండ మొదట్లో రత్నానికి కొత్త సైకిలిచ్చారు, పూలదండ వేశారు. కొత్త పట్టీ ఆమె చేతికి కట్టారు. మొదటి మలుపు తిరిగాక దాన్ని విప్పి టిఫిన్ డబ్బాలో పెరుగన్నం మీద పడేసి మూత పెట్టింది.

ఆ తర్వాత కొండ ఆమె మీదికొచ్చింది. తొడలు మండాయి. ఊపిరి గొంతులో గరగరలాడింది. నోట్లో ఇనుము రుచి తగిలింది. రెండో మలుపులో కళ్ళ ముందు నల్లగా అయింది, దిగి నడుద్దామనుకుంది. ఇది, ఇదంతా, రోజూ పొద్దున్నే, ఆ మంచం మీద పడుకున్న ముసలి ఛాతీ మీదినుంచి ఎక్కింది. తను గంట మోగించుకుంటూ సముద్రం చూసింది. దిగలేదు. పళ్ళు కొరుక్కుని తొక్కింది. బస్సులో వేలాడుతున్నవాళ్ళు ఆమెని చూసి కేకలేశారు, ఎందుకో వాళ్ళకే తెలియదు.

పైన షామియానా. వేదిక మీద తెల్లదుప్పట్ల మంచాలు, మంచానికొక బంతిపూల దండ. ముందు వరసలో మెత్తటి కుర్చీలో డాక్టరుగారి తల్లి, జరీచీర, చేతిలో కొబ్బరిబోండం. "ఇప్పుడు వస్తారు చూడండి, నుదుటి మీద చుక్క చెమట ఉండదు!" అని డాక్టర్ విద్యాధర్ మైకులో చెప్తున్నాడు.

రత్నం వచ్చింది. బట్టలు ఒంటికి అంటుకుపోయాయి, జుట్టంతా మొహం మీద. సైకిలు దిగలేక దాంతో పాటే పక్కకి ఒరిగిపోయింది. నేల మీద చేతులానించి రొప్పుతుంటే ఆ రొప్పు షామియానా చివరిదాకా వినబడింది. ఫొటోలు తీసేవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు.

వేదిక మీద పోలమ్మ గురక పెట్టి నిద్రపోతోంది.

డాక్టరు మైకు చేత్తో మూసి, "పట్టీ ఏది?" అన్నాడు పళ్ళ బిగువున.

రత్నం టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. ఊపిరి అందుకుని, ముక్కలు ముక్కలుగా అంది. "నా ఆయాసం... నేనే... తెచ్చుకున్నాను సార్. సూడండి... మా అత్త ఎంత బాగా తొంగుందో."

జనంలో గుసగుసలు బయల్దేరాయి. మంచాల మీద తక్కిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే తలలెత్తి చూస్తున్నారు. అన్నాళ్ళూ పోని ఓపిక డాక్టరుకి అప్పుడు పోయింది. మూసిన చెయ్యి మైకు మీంచి జారింది.

"ఏమిటమ్మా ఈ రభస? కొండ ఉంది, ఎక్కాలి, ఎవరో ఒకరు అలవాలి! బస్సులు చాలవని మీరే ఏడుస్తారు, దారి చూపిస్తే మీరే కాదంటారు. వీళ్ళనేమన్నా రాళ్ళు కొట్టమన్నామా? ఫ్యాను కింద పడుకోమన్నాం! ఈ వయసులో ఇంతకన్నా హాయైన పని ఇంకేముంటుంది?"

పోలమ్మ అప్పటికే లేచి కూర్చుంది. ఆ మంచం మీద మూడు నెలల్లో అదే ఆమె తీరిగ్గా పోయిన నిద్ర. మెడలో బంతిపూల దండ తీసి దిండు మీద పెట్టింది. చేతి పట్టీ విప్పింది. పక్కకి జరిగి, దుప్పటి మీది ముడతలు అరచేత్తో సాపు చేసింది. ముందు వరసలో మెత్తటి కుర్చీ వైపు చూసింది, ఆ తర్వాత డాక్టరు వైపు.

"మంచం కాళీ సేసినాను బావూ. మీ అమ్మని తెచ్చి తొంగోపెట్టు."